పై అంకె 164, కింద 72: నాయన బీపీ మాత్ర ఆపవచ్చునా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గరి పల్లె. మా నాయనకు 72 ఏళ్లు. రోజూ ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నా బీపీ పైన 164, కింద 72 చూపిస్తోంది. వయసుకు నూరు కలిపితే ఎంతవుతుందో అంత ఉండవచ్చునని ఊళ్లో అంటున్నారు. పైగా తెల్లవారుజామున మంచం దిగగానే ఆయనకు కళ్లు తిరుగుతున్నాయి. మాత్ర ఆపితే తగ్గుతుందేమో తెలుపగలరు.

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. నూరు కలిపే లెక్కను వైద్యులు ఎప్పుడో వదిలేశారు. వయసు మీరేకొద్దీ పెద్ద రక్తనాళాలు సాగే గుణం పోయి బిరుసెక్కుతాయి కనుక, గుండె రక్తాన్ని తోసినప్పుడు పై అంకె ఎగబాకుతుంది, రెండు స్పందనల నడుమ కింది అంకె జారిపోతుంది. ముసలివారిలో ఇది తరచుగా కనిపించేదే అయినా, పై అంకెతో పాటు పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది.

కళ్లు తిరగడం మాత్రం వేరుగా చూడవలసిన సంగతి. ఆయనను 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబడ్డాక ఒకటో నిమిషంలోనూ మూడో నిమిషంలోనూ మళ్లీ చూడండి. పడిపోకుండా పక్కన ఒకరుండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపండి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి, అరగంట ముందు టీ, బీడీ వద్దు.

ప్రశ్న: చూశామండీ. పడుకున్నప్పుడు 158, లేచాక 132. చెప్పడం మరిచాను, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటున్నారు.

జవాబు: అసలు సంగతి ఇప్పుడు చెప్పారు! ఆ నొప్పి మాత్ర ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి బీపీని పెంచుతుంది, మూత్రపిండాలకూ మంచిది కాదు. దానిని ఇక కొనకండి, నొప్పికి బదులు మందు డాక్టరునే అడగండి. నిలబడగానే 26 తగ్గిందని కూడా చెబితే, బీపీ మాత్ర రకమో మోతాదో వేళో మార్చడం ఆయన చూసుకుంటారు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. సంగటిలో ఉప్పు లేకున్నా ఊరుబిండిలో, ఊరగాయలో చేరిపోతుంది. మన ఎండల్లో చెమట పట్టి నీరు తగ్గితే తల తిరగడం ఎక్కువవుతుంది కనుక, గుండె, మూత్రపిండాల జబ్బు లేకపోతే నీళ్లు తగ్గించనివ్వకండి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చున్నాకే నిలబడమనండి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.