చెకుముకికి గుడ్డబొగ్గు: డబ్బాలో కాల్చాలా, నేరుగా అంటించి ఆర్పాలా?

ఉదయగిరి మెట్ట:
చెకుముకితో నిప్పు తీసేవాళ్లు రాయి, ఉక్కు కొట్టిన రవ్వను పట్టుకోవడానికి నల్లగా కాల్చిన గుడ్డ, అంటే గుడ్డబొగ్గు, వాడతారు. దాన్ని చేయడంలో రెండు వాదాలున్నాయి. నూలు గుడ్డను రేకు డబ్బాలో మూసి నిప్పుల మీద కాల్చాలని కొందరంటారు. అంత తతంగం అక్కర్లేదు, గుడ్డకు మంటపెట్టి నల్లబడగానే గాలాడకుండా మూసేస్తే చాలని మరికొందరంటారు. నాది డబ్బా పక్షం. కారణం మన రాయి. మనకు దొరికేది గూడూరు, సైదాపురం మైకా గనుల దగ్గరి పలుగురాయి, లేదంటే వెలికొండల క్వార్ట్‌జైట్. పలుగు అంచు నాలుగు దెబ్బలకే చిట్లుతుంది, రవ్వలూ సన్నగా వస్తాయి. అసలు రవ్వ రాయిది కాదు. రాయి అంచు ఉక్కును గీరితే లేచిన పొడి గాల్లో మండుతుంది, అంతే. ఆ కాస్త రవ్వను పట్టుకోవాలంటే గుడ్డ అంతటా ఒకే తీరున నల్లబడి ఉండాలి.

పాత పంచె గానీ బనీను గానీ తీసుకోండి. ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు, కొస ముద్దకట్టి గట్టిపడితే పాలిస్టర్ కలిసినట్టు, పనికిరాదు. గంజి పోయేదాకా ఉతికి, ఆరబెట్టి, రెండంగుళాల ముక్కలు కోయండి. బూట్‌పాలిష్ డబ్బాలో పది పదిహేను ముక్కలు వదులుగా పరవండి. కుక్కితే మధ్యవి గోధుమరంగులోనే ఉండిపోతాయి. మూతకు సన్న మేకుతో ఒక్క బెజ్జం. పిడకల నిప్పుల మీద పెడితే బెజ్జంలోంచి తెల్లటి పొగ వస్తుంది, ఒక్కోసారి అది అంటుకుంటుంది కూడా, కంగారు వద్దు. పొగ ఆగాక, అంటే అయిదు నుంచి పది నిమిషాల్లో, దించి బెజ్జంలో పుల్ల దోపి పూర్తిగా చల్లారనివ్వండి. చెయ్యి కాలనంతగా చల్లారకముందే మూత తీస్తే గాలి తగిలి గుడ్డంతా రాజుకుంటుంది, బూడిదే మిగులుతుంది.

ఒంగోలు కొలిమి:
అన్నా, పద్ధతి బాగా చెప్పారు గానీ డబ్బాలోనే కాల్చాలంటే ఒప్పుకోను. 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ గీసే అగ్గిపుల్లలు అమ్మకానికి పెట్టకముందు అక్కడి ఇళ్లల్లో చేసింది ఇదే పని. నార గుడ్డకు మంటపెట్టి, పెట్టెలో వేసి, పైన రేకు బిళ్లతో అదిమేవాళ్లు. నిప్పు తీయడమూ దాచడమూ ఆ ఒక్క పెట్టెలోనే.

అరచెయ్యంత గుడ్డను పటకారుతో పట్టుకుని కొసన అంటించండి. మంట పాకుతూ పోతుంది, వెనకాల నలుపు మిగులుతుంది. మంట చివరికొచ్చి ఆరబోయేటప్పుడు, బూడిద తెల్లగా కనపడకముందే, మూతున్న రేకు డబ్బాలో వేసి గట్టిగా మూయాలి. క్షణం ఆలస్యమైతే అంచులు బూడిదవుతాయి, ముందే మూస్తే మధ్యలో గోధుమరంగు పట్టీ ఉండిపోతుంది. కాసింత గుడ్డ పోతుంది, నిజమే. కానీ అడవిలో, గట్టు మీద మేకు, బెజ్జం, పిడకల నిప్పులు అంటూ కూర్చోలేం గదా. పైగా ఇలా కాలిన అంచు పీచుపీచుగా ఉంటుంది, రవ్వ ముందు దాన్నే పట్టుకుంటుంది.

కావలి తీరం:
మీ ఇద్దరి లెక్కలోకీ తేమ రాలేదు. మాకు ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మూత సరిగా పడని డబ్బాలో ఉంచిన గుడ్డ మెత్తబడి రవ్వ పడ్డా పట్టదు. అప్పుడు పారేయొద్దు. అదే డబ్బాలో మళ్లీ రెండు నిమిషాలు నిప్పుల మీద పెట్టి చల్లారిస్తే తేమ పోయి మామూలవుతుంది.

ఇంకో దారి: గుడ్డే వద్దు, నూలు తాడు చాలు. వేలెడు లావు తాడును ఇనప గొట్టంలో దూర్చి కొస కాల్చి నల్లబరచి, లోపలికి లాగి మూస్తే గాలాడక ఆరిపోతుంది. మళ్లీ కావాలంటే బయటికి తోసి రవ్వ కొట్టడమే. కిళ్లీ బంకుల దగ్గర బీడీలకు వేలాడదీసే కొబ్బరితాడు నిప్పు ఆరకుండా ఉండేది. ఇందులో ఆరిన కొస మళ్లీ అంటుకుంటుంది.

కనిగిరి కంప:
తాడు కొస చిన్నది, పలుగు రవ్వ దాని మీద పడాలంటే గురి కావాలి. గుడ్డయితే రాతి అంచుకు పైనే వేలితో నొక్కి పట్టొచ్చు, లేచిన రవ్వ నేరుగా దాని మీదే పడుతుంది. ఆ విషయంలో గుడ్డదే పైచేయి.

డబ్బా సంగతికొస్తే బెజ్జం అన్ని డబ్బాలకూ అక్కర్లేదు. బూట్‌పాలిష్ డబ్బా మూత వదులుగా ఉంటుంది, పొగ సందుల్లోంచే పోతుంది. నొక్కి బిగించే మూతయితే మాత్రం బెజ్జం ఉండాల్సిందే, లేకపోతే లోపలి వాయువులు మూతను ఎగరగొడతాయి. అల్యూమినియం డబ్బా వద్దు, 660 డిగ్రీలకే కరుగుతుంది, చిల్లకంప (సర్కారు తుమ్మ) బొగ్గులను విసనకర్రతో విసిరితే అంతకంటే ఎక్కువ వేడి ఇస్తాయి. జింకు పూసిన రేకూ వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. రంగున్న డబ్బాను ఒకసారి ఖాళీగా కాల్చి రంగు పోగొట్టుకోవాలి. ఏదైనా ఆరుబయటే చేయండి, వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. చిల్లకంప బొగ్గు బట్టీకి మట్టి ఎందుకు కప్పుతారో ఇక్కడ మూత ఎందుకు పెడతామో రెండింటికీ ఒకటే కారణం: వేడి అందాలి, గాలి అందకూడదు.

ఒంగోలు కొలిమి:
రవ్వ సన్నగా వస్తోందని రాయిని తిట్టేవాళ్లు ఒకసారి ఉక్కు చూసుకోండి. ఇంటి కమ్మీ ముక్క మెత్తన, రవ్వ రాదు. పాత ఆకురాయి శ్రేష్ఠం, అది ముందే గట్టిపడి ఉంటుంది. ఒక అంచు పళ్లు అరగదీస్తే చాలు, అరగదీసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచాలి, నీలిరంగు తిరిగితే గట్టిదనం పోయినట్టే. కమాను పట్టీ అయితే కొలిమిలో అయస్కాంతం అంటనంతదాకా, సుమారు 770 డిగ్రీలు దాటేదాకా కాల్చి నూనెలో ముంచాలి. గీరితే రవ్వలు రాలే ఫెర్రో కడ్డీ అని కొందరు చూపించేది వేరే లోహం, దాని రవ్వకు బూరుగు దూది కూడా నేరుగా అంటుకుంటుంది, దాంతో గుడ్డబొగ్గును పరీక్షించొద్దు.

ఉదయగిరి మెట్ట:
ఉక్కు గురించి మీరు చెప్పింది సరే. ఆరుబయట తొందరైతే మీ పద్ధతి, ఇంట్లో నిల్వకు నాది అంటే ఒప్పుకుంటాను. కానీ మొదటిసారి చేసేవాళ్లకు డబ్బానే చెప్తాను, ఎందుకంటే అందులో తప్పు కనపడుతుంది. గోధుమరంగుంటే మళ్లీ పెట్టు, పట్టుకోగానే పొడైతే ఎక్కువ కాలింది, లోపల బూడిదుంటే మూత సందులోంచి గాలి దూరింది. మంటపెట్టి ఆర్పే పద్ధతిలో పాడైతే ఎక్కడ పాడైందో కొత్తవాడికి తెలియదు.

ఇంకొకటి. రవ్వ పట్టాక గుడ్డను తాటిపీచు గానీ ఎండు కొబ్బరిపీచు గానీ గూడులా చుట్టి మధ్యలో ఉంచి, చేతిలో పైకెత్తి కింది వైపు నుంచి మెల్లగా, పొడవుగా ఊదాలి. ఒక్క ఊపున ఊదితే గుడ్డ తొందరగా కాలిపోయి పీచు అంటుకోకముందే ఆరిపోతుంది.