దొడ్లో కుబుసం దొరికింది, ఏ పాముదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న (తెనాలి దగ్గర పల్లె): ఇంటి వెనక కొబ్బరి మట్టలు పోగేసిన చోట నిన్న పొద్దున కుబుసం కనిపించింది, నాలుగు జానల పైనే ఉంటుంది. మొన్న రాత్రి మావారు బాత్రూమ్‌కి వెళ్తుంటే టార్చి వెలుగులో ఒక నల్లటి పాము, ఒంటి మీద తెల్ల కట్లతో, గోడ వారన పోయిందట. మా అత్తయ్య కట్లపామే అంటోంది, పక్కింటి బాబాయ్ మాత్రం అలాంటివి గోడలెక్కుతుంటాయి, ఏమీ చేయవు అంటున్నాడు. పిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది. కుబుసం చూసి చెప్పొచ్చా?

జవాబు: చెప్పొచ్చమ్మా, తోక దాకా చిరగకుండా ఉంటే ఇంకా తేలిక. మీ బాబాయ్ గారు చెప్పే గోడలెక్కే పాము నిజంగానే ఉంది, ఊల్ఫ్ స్నేక్ అంటాం, విషం లేనిదే, కానీ దానికీ కట్లుంటాయి కాబట్టి చీకట్లో టార్చి వేసి చూసినదాన్ని నమ్ముకుని ఏదీ తేల్చలేం. మామూలుగా ఊల్ఫ్ స్నేక్‌కి కట్లు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు పోయేకొద్దీ మాసిపోతాయి. కట్లపాముకి మెడ దగ్గర ఉండీ లేనట్టుంటాయి, వెనక్కి పోయేకొద్దీ తేటగా, చాలాసార్లు జంటలు జంటలుగా కనిపిస్తాయి.

ఇప్పుడు కుబుసం. కాసేపు నీళ్లలో వేసి మెత్తబడ్డాక నల్లగుడ్డ మీద పరవండి. సాక్సు విప్పినట్టు తిరగబడి ఉంటుంది, కంగారు పడొద్దు. పొడవు మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, సాగుతుంది కాబట్టి పాము కంటే కుబుసమే పొడుగు. వెన్ను మీద సరిగ్గా నడిమి వరస చూడండి, పక్క పొలుసుల కంటే వెడల్పుగా, తేనెపట్టు గదుల్లా ఆరు పలకలతో ఉందా? తర్వాత పొట్ట వైపు తిప్పండి. అడ్డంగా పట్టీల్లాంటి పలకలు అయిపోయి తోక మొదలైన చోట నుంచి కూడా అవి ఒక్కొక్కటిగానే ఉన్నాయా, లేక మధ్యలో చీలి రెండేసిగా ఉన్నాయా? నడిమి వరస వెడల్పు, తోక కింద ఒంటి పలకలు, ఈ రెండూ కలిస్తే కట్లపామే. ఊల్ఫ్ స్నేక్‌కి నడిమి వరస మిగతావాటిలాగే ఉంటుంది, తోక కింద రెండేసి.

రక్తపింజరదైతే వేలు పెడితేనే తెలిసిపోతుంది, ప్రతి పొలుసు మధ్యలో గీత లేచి గరుగ్గా తగులుతుంది.

ఇంకొకరు: ఇంటి చుట్టూ కార్బాలిక్ యాసిడ్ పోయండి అక్కా, మా కరీంనగర్‌లో అందరూ అదే చేస్తారు.

జవాబు: తమ్ముడూ, దానివల్ల పాములు ఆగవు, పిల్లల చేతులు కాలతాయి. వెల్లుల్లీ అంతే.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశాం. వెన్ను మధ్య వరస వెడల్పుగా ఉంది, ఆరు పలకలే. తోక చివర చిరిగిపోయింది కానీ ఉన్నంతలో ఒక్కో పలకే. మా అత్తయ్య "నే చెప్పలా" అని నిన్నటి నుంచి నాలుగోసారి అంటోంది.

జవాబు: అత్తయ్య గారికి నమస్కారం చెప్పండి, కట్లపామే. ఈ రాత్రి నుంచి ఎవరూ నేల మీద పడుకోవద్దు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి బిగించి. ఇది కాటు వేసినా చాలాసార్లు నొప్పీ ఉండదు, గాటూ కనపడదు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే ఏదో తిన్నది పడలేదనుకుని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. కట్టు బిగించడం, కోయడం వద్దు, కదలనివ్వకుండా ఆసుపత్రికి. పామును చంపి పట్టుకెళ్లక్కర్లేదు, మన దగ్గర వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.

మట్టలు పగలే తీయించండి, చేత్తో కాదు, పొడుగాటి కర్రతో లాగాలి. పాము కనపడితే దూరం నుంచి చూస్తూ అటవీశాఖకో, స్నేక్ క్యాచర్‌కో ఫోన్. చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, అదలా ఉంచినా చంపబోయినప్పుడో పట్టబోయినప్పుడో కాటు పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు: మట్టలు తీశాం, పాము లేదు. బాత్రూమ్ పునాది పక్కన బొరియ ఉంది. సిమెంట్ వేసేయమంటారా?

జవాబు: వెంటనే వద్దు. సాయంత్రం దాని మూతి ముందు ముగ్గుపిండి పల్చగా చల్లి వదిలేయండి. ఏదైనా వచ్చిపోతే జాడ పడుతుంది. జాడ లేకపోతే మరుసటి రోజు పూడ్చండి.

ప్రశ్న అడిగినవారు: పొద్దున్నే చూశాం అండీ. పాము జాడ లేదు, పందికొక్కు అడుగులు మాత్రం నిండా ఉన్నాయి. మావారు బోను కొనడానికి వెళ్లారు.