ప్రమాణాలు చూసి జవాబు పట్టుకోవడం తప్పా?

కొబ్బరితోట:
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. మొన్న వారాంతపు పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. తొట్టిలో నీటిమట్టానికి హెచ్ లోతున చిల్లు ఉంది, చిమ్మే నీటి వేగమెంత? ఇచ్చిన నాలుగింటిలో √(2జీహెచ్) (జీ అంటే గురుత్వ త్వరణం) ఒక్కదానికే సెకనుకు మీటర్లు వస్తాయి. ఒకటి కాలం, ఒకటి వేగం వర్గం, ఇంకొకటి సెకను వర్గానికి విలోమం. పది సెకన్లలో గుర్తు పెట్టేసింది. ఎలా చేశావని లెక్చరర్ అడిగితే ఉన్నది చెప్పింది. “ఇది ఫిజిక్సు కాదు, పేకాట” అని క్లాసులో నిలబెట్టారట. రెండు రోజులుగా పిల్ల పుస్తకం ముట్టడం లేదు. ఆ పద్ధతి నేర్పింది మా మామగారు. కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మితి విశ్లేషణ (ప్రమాణాలు సరిపోతున్నాయో లేదో చూడటం) పాఠంలో ఉన్నదే కదా, వాడితే తప్పేమిటి?

పూతరేకు:
మార్కు వచ్చిందా?

కొబ్బరితోట:
వచ్చింది.

పూతరేకు:
అయితే చర్చ అయిపోయింది.

ఇంటర్ మాస్టారు:
అవలేదండి. ఆ లెక్చరర్ని నేను కాదు కానీ, ఆయన కోపం నాకు అర్థమవుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అదే ప్రశ్నకు √(జీహెచ్), √(2జీహెచ్), 2√(జీహెచ్), √(జీహెచ్/2) అని నాలుగు జవాబులిస్తే అమ్మాయి ఏం చేస్తుంది? నాలుగూ వేగాలే. ఆ 2 గతిశక్తిలోని సగం నుంచి వచ్చింది. స్థితిశక్తి గతిశక్తిగా మారిందని రాసిన పిల్లకే అది దొరుకుతుంది. లోలకం ఆవర్తన కాలంలో 2π కూడా ఇంతే, మితులు దాన్ని ఎన్నటికీ చెప్పవు. టార్కుకూ (తిప్పే ప్రభావం) శక్తికీ మితులు ఒకటే, రెండూ ఒకటేనా మరి? ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. పేపరు తయారుచేసేవాళ్లు అమాయకులు కారు.

గట్టుమీద:
మాస్టారూ, జల్లెడలో పిండి నిలవలేదని జల్లెడను తప్పుపడుతున్నారు. దాని పని నూక తీయడం.

డెల్టాలో పనిచేసినవాణ్ణి కాబట్టి నీళ్ల లెక్కే చెబుతాను. కట్ట మీదుగా నీరు పొర్లుతోంది. అడుగు వెడల్పులో ఎంత పోతుంది? సెకనుకు పోయే ఘనపు అడుగులను అడుగు వెడల్పుతో భాగిస్తాం కాబట్టి దాని ప్రమాణం సెకనుకు చదరపు అడుగులు. మన దగ్గరున్నవి గురుత్వ త్వరణం, కట్ట మీద నీటి లోతు. ఈ రెండింటితో సెకనుకు చదరపు అడుగులు రావాలంటే √జీని లోతు ఒకటిన్నర ఘాతంతో గుణించడం తప్ప దారి లేదు. అంటే లోతు రెట్టింపైతే ప్రవాహం 2.8 రెట్లు. వరద రోజుల్లో రెండు అడుగులే కదా పెరిగింది అనుకునేవాళ్లకు ఇది తెలియాలి.

ఇంటర్ మాస్టారు:
“అడుగు వెడల్పులో” అని మొదలుపెట్టినప్పుడే సగం జవాబు జేబులో వేసుకున్నారు. వెడల్పు రెట్టింపైతే నీరు రెట్టింపని మీకు మితులు చెప్పలేదు, గట్టు మీద నిలబడి చూసిన కళ్లు చెప్పాయి. మొత్తం ప్రవాహం, వెడల్పు, లోతు, జీ ఇచ్చి మితులనే అడగండి. వెడల్పును లోతుతో భాగించిన నిష్పత్తికి ప్రమాణమే ఉండదు, అక్కడ చేతులెత్తేస్తాయి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బకింగ్‌హామ్ మితి విశ్లేషణ సిద్ధాంతం 1914లో వచ్చింది. నీళ్లు బకింగ్‌హామ్ కోసం ఆగలేదు.

గట్టుమీద:
ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లోనే సమీకరణానికి రెండు వైపులా మితులు సరిపోవాలన్నాడు. తేదీలతో కొట్టుకుందామంటే నేనూ సిద్ధమే.

పంటు ప్రయాణం:
అణుబాంబు ఫొటోలు చూసి టేలర్ అనే ఆయన దాని శక్తిని ఇలాగే లెక్కగట్టాడు కదా? పేలిన గోళం వ్యాసార్థం, కాలం, గాలి సాంద్రత, అంతే.

ఇంటర్ మాస్టారు:
సగమే విన్నారు. ముందున్న స్థిరాంకం ఒకటికి దగ్గరని టేలర్ సమీకరణాలన్నీ సాధించి తెలుసుకున్నాడు. ఆ కష్టం ఎవరూ చెప్పరు.

పంటు ప్రయాణం:
సరే. “సెకనుకు 10 లక్షల క్యూసెక్కులు” అని రాసేవాళ్లను మాత్రం ఇద్దరూ కలిసి తిట్టండి. క్యూసెక్కు అంటేనే సెకనుకు ఒక ఘనపు అడుగు, అందులోనే సెకను ఉంది.

గట్టుమీద:
ఆ 10 లక్షలు (ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక) రోజంతా పారితే 86.4 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు). ఒకటి ప్రవాహం, ఒకటి నిల్వ. తేడా తెలియనివాళ్లు వరద గురించి రాస్తారు.

రొయ్యలచెరువు:
నాకు ఫిజిక్సు రాదు. మందు కొట్టువాడు ఎకరానికి 4 కిలోలు అన్నాడు, వేశాను. పక్క చెరువులో పనిచేసింది, నాది పోయింది. మాస్టారూ, ఇది ఏ లెక్క?

ఇంటర్ మాస్టారు:
విషయం పక్కదారి పడుతోంది.

గట్టుమీద:
పడటం లేదు. ముప్పై ఏళ్ల కిందటి మాట. దాళ్వాలో (రెండో పంటకు) వంతులవారీగా నీళ్లిస్తున్నాం. కట్ట మీద పొర్లే నీటికి అడుగుల్లో గుణకం 3.09, మీటర్లలో 1.7. కొత్తగా వచ్చిన అధికారి లోతు, వెడల్పు మీటర్లలో కొలిచి 3.09 వేశాడు. ఆ గుణకం వెనక √జీ దాగి ఉందని, దానికీ ప్రమాణం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాగితం మీద ప్రవాహం 1.8 రెట్లు అయింది. నీళ్లు దండిగా ఉన్నాయని తలుపులు దించమన్నారు. శివారు భూములు నెర్రెలిచ్చాయి. రైతులు వచ్చి నా చొక్కా పట్టుకున్నారు, మెమో కూడా నాకే ఇచ్చారు. ఒక్క వరుసలో ప్రమాణం రాసి ఉంటే పక్కనున్న గుమాస్తా కూడా పట్టుకునేవాడు. మీరు పిల్లలతో లెక్కలో ప్రమాణాలు రాయిస్తారా, లేదా? సూటిగా చెప్పండి.

ఇంటర్ మాస్టారు:
రాయించను. చివరి వరుసలో తప్ప వద్దంటాను.

గట్టుమీద:
అదీ సంగతి! ఆ అధికారి కూడా మీలాంటి వారి దగ్గరే చదివి ఉంటాడు.

ఇంటర్ మాస్టారు:
మాట జారకండి. నాకు సెక్షనుకు ఎనభై మంది. పదో తరగతి దాటి వచ్చాక కూడా వేగానికీ త్వరణానికీ ఒకే ప్రమాణం రాసేవాళ్లు సగం మంది. ప్రతి వరుసలో రాయమంటే ప్రతి వరుసలో తప్పు రాస్తారు. అన్నీ దిద్దుతూ కూర్చుంటే సిలబస్ సంక్రాంతికి కాదు, ఉగాదికి కూడా అవదు. సిలబస్ అవకపోతే నా ఉద్యోగం ఉండదు. అందుకే వద్దన్నాను.

గట్టుమీద:
తప్పు కనపడుతుందని రాయనివ్వరన్నమాట.

ఇంటర్ మాస్టారు:
అవును. ఇంకొకటి కూడా వినండి. కొబ్బరితోట గారూ, మీ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఇంట్లో గట్టు మీద పనిచేసిన తాతయ్య ఉన్నాడు, మీటరు అంటే ఎంతో, సెకనుకు ఎంత నీరో చూపించి చెప్పాడు. ఆ పిల్ల పది సెకన్లలో పెడుతుంది. పక్క బెంచీలో కూలీ ఇంటి పిల్ల చూసి, “ప్రమాణం చూసి కొట్టేయచ్చట” అని అంతమటుకే నేర్చుకుంటుంది. జీ అంటే ఏమిటో తెలియకుండా దాని మితులు బట్టీ పడుతుంది. నాకు ఎనభై మంది తాతయ్యలు లేరు.

గట్టుమీద:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ తగాదా మితులతో కాదు కదా.

ఇంటర్ మాస్టారు:
మీరు అడిగిన తీరు అలా ఉంది.

పూతరేకు:
ఇద్దరూ మంచినీళ్లు తాగండి.

రొయ్యలచెరువు:
నా చెరువు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంటర్ మాస్టారు:
చెరువు లోతెంత?

రొయ్యలచెరువు:
5 అడుగులు. పక్కవాడిది 3కి కాస్త పైన.

ఇంటర్ మాస్టారు:
ఎకరం 4,047 చదరపు మీటర్లు. 5 అడుగులు 1.52 మీటర్లు. గుణిస్తే 6,150 ఘనపు మీటర్లు, చదరపు మీటర్లు కాదు, గమనించండి. ఘనపు మీటరు నీరు టన్ను. టన్నుకు 1 గ్రాము చొప్పున వేయాలంటే 6,150 గ్రాములు, అంటే 6 కిలోల పైమాటే. 4 కిలోలు మీటరు లోతు చెరువుకు చెప్పిన లెక్క. మీ కొట్టువాడు లోతు అడగలేదు, వైశాల్యంతో సరిపెట్టాడు.

గట్టుమీద:
మాస్టారూ, ప్రతి వరుసలో ప్రమాణం రాశారు.

ఇంటర్ మాస్టారు:
ఇక్కడ ఒక్కరే విద్యార్థి.

కొబ్బరితోట:
ఇదంతా మామగారికి చదివి వినిపించాను. ఆదివారం ఖాళీయేనట. మాస్టారూ, మీ కాలేజీ మా ఊరికి ఎంత దూరమని అడుగుతున్నారు.