పాత వీల్ హార్స్‌కు ఇంజన్ పని చేయించాలా, కొత్త ఇంజన్ బిగించాలా?

పెరటి_సేద్యం (నార్త్ కరోలినా)

అందరికీ నమస్కారం. మా ఊరికి దగ్గర్లో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన షెడ్డులో ఉన్న వీల్ హార్స్ సీ-120 కొన్నాను. 1970ల నాటి గార్డెన్ ట్రాక్టర్. 12 హార్స్‌పవర్ కోలర్ కె301 సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజన్, 8 స్పీడ్ గేర్‌బాక్సు. రంగు వెలిసింది గానీ రేకులు గట్టిగా ఉన్నాయి, గేర్లు చక్కగా పడుతున్నాయి. బాధంతా ఇంజన్‌తోనే. స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక నీలం పొగ వస్తుంది, లోడు పడితే డీలా పడుతుంది, ఆయిల్ తాగుతుంది. నా చేతికి వచ్చేసరికి ఎయిర్ ఫిల్టర్ లేదు. అలా ఎన్నాళ్లు నడిచిందో ఏమో.

ఇది చూసుకుని మురిసిపోవడానికి కొన్న బండి కాదు. వెనక ఎకరన్నర నేల ఉంది. 10 అంగుళాల నాగలి లాగాలి, బెండ, గోంగూర, దోస వేసుకోవాలి, ట్రాలీకి కట్టి కట్టెలు మోయాలి. ఇంజన్ విప్పి బోరు కొట్టించి (అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను కాస్త వెడల్పు చేయించి) మళ్లీ కట్టుకోమని కొందరు, 420 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ (వాల్వులు హెడ్డులో ఉండే) ఇంజన్ తెచ్చి బిగించేయమని కొందరు అంటున్నారు. పని మా గ్యారేజీలో నేనే చేసుకోవాలి. మీరైతే ఏం చేస్తారు, ఎందుకు?

సూటిమాట (డల్లాస్)

కొత్తది పెట్టేయండి. కె సిరీస్ తయారీ ఆగిపోయి దశాబ్దాలు దాటింది. పార్టులు దొరుకుతాయి, కాదనను. కానీ పిస్టన్ కిట్టు, కనెక్టింగ్ రాడ్, వాల్వులు, గ్యాస్కెట్లు, వాటి మీద మెషిన్ షాపు కూలి, అన్నీ కలిపితే కొత్త ఇంజన్ ధర దాటుతుంది. చిన్న ఇంజన్‌కు బోరు కొట్టే షాపులు ఊరూరా లేవు. ఉన్నచోట మీ సిలిండర్ వరసలో కూర్చోవాల్సిందే. ఈలోపు విత్తనాల అదను పోతుంది.

పైగా మీ బండి ఇందుకు అనువైనది. వీల్ హార్స్‌లో ఇంజన్ నుంచి గేర్‌బాక్సుకు శక్తి బెల్టు మీద వెళుతుంది. పుల్లీ వరస సరిగ్గా కుదిరితే చాలు. అదే పాత కబ్ కాడెట్ గార్డెన్ ట్రాక్టర్ అయితే నేను ఇంత ధీమాగా చెప్పేవాణ్ని కాదు. అందులో ఫ్లైవీల్ వైపు నుంచే డ్రైవ్ షాఫ్ట్ వెనక్కి పోతుంది, వేరే ఇంజన్‌ను దానికి కలపడం పెద్ద పని. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ ఆ పాత ఫ్లాట్‌హెడ్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే రకం) కంటే తక్కువ పెట్రోల్‌తో అదే పని చేస్తుంది. మనకు కావలసింది దున్నే బండి కదా.

కాస్టైరన్ (ఒహాయో)

సూటిమాట గారూ, రోగం తేలకముందే గుండె మార్చమంటున్నారు. ఆయిల్ తాగే ప్రతి కె301కీ బోరు అరిగి ఉండాలని లేదు.

పెరటి_సేద్యం గారూ, ముందు బ్రీదర్, అంటే క్రాంక్‌కేస్ (క్రాంకు తిరిగే కింది గది) గాలి బయటికి పోయే దారి, విప్పి చూడండి. వాల్వు చాంబర్ మూత దగ్గర పల్చటి రీడ్ ఉంటుంది. క్రాంక్‌కేస్‌లో కొంచెం వాక్యూమ్ నిలబెట్టేది అదే. ఆ రీడ్ వంగినా, ఎవరో విప్పి వరస తప్పించి బిగించినా లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ పైకి ఎగదన్నుకొస్తుంది. నీలం పొగ అలా కూడా వస్తుంది. ఆ తర్వాత టాపెట్లు, అంటే వాల్వులను పైకి నెట్టేవి. కె301లో వాటి సందు సర్దుకోవచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 8 నుంచి 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఎగ్జాస్ట్ 17 నుంచి 20 థౌ.

కంప్రెషన్ గేజి పెట్టి చూసి భయపడకండి. ఈ ఇంజన్ క్యామ్‌షాఫ్ట్‌కు ఆటోమేటిక్ కంప్రెషన్ రిలీజ్ ఉంటుంది. స్టార్టర్ తిప్పే వేగంలో ఎగ్జాస్ట్ వాల్వును అది కొద్దిగా ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి మంచి ఇంజన్‌లోనూ గేజి తక్కువే చూపిస్తుంది. చేయాల్సింది లీక్‌డౌన్ టెస్టు. కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్‌ను పై కొసకు తెచ్చి, క్రాంకు తిరగకుండా పట్టి, ప్లగ్గు కన్నంలోంచి గాలి ఎక్కించండి. కార్బురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, బ్రీదర్‌లో అయితే రింగులు, బోరు. హెడ్డు పక్క నుంచి కారితే గ్యాస్కెట్. హెడ్డు కొంచెం వంగి ఉంటే మందపాటి అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి చదును చేసుకోవచ్చు, షాపుకు పోనక్కర్లేదు.

420 సీసీ గురించి ఒక్క మాట. కె301 దాదాపు 476 సీసీ, పైగా బరువైన ఫ్లైవీల్. నాగలికి గట్టి మట్టి తగిలినప్పుడు వేగం పడిపోకుండా మోసేది ఆ బరువే. కాగితం మీద హార్స్‌పవర్ సమానంగా కనిపించినా చాల్లో తేడా తెలుస్తుంది.

కరీంనగర్_బిడ్డ (న్యూజెర్సీ)

అన్నలూ, నేను కొత్త ఇంజన్ దిక్కే, కానీ ఒక షరతు ఉన్నది. ఫ్రేమును కోయొద్దు. ఎక్కువమంది జేసే పని అదే. కొత్త ఇంజన్ బోల్టులు కుదరలేదని గ్రైండర్ వట్టి కోస్తరు, హుడ్డుకు సైలెన్సర్ తగులుతుందని హుడ్డుకు బొక్క కొడ్తరు. తర్వాత పాత ఇంజన్ మళ్ల పెడదామంటే జాగ ఉండదు. నడుమ ఇనుప ప్లేటు ఒకటి జేసుకోండ్రి. ఫ్రేముకు పాత బొక్కలల్లనే బోల్టులు పడాలె, కొత్త ఇంజన్ ఆ ప్లేటు మీద కూసోవాలె. పాత కె301ను ఆయిల్ వోసి, సంచి కప్పి ఒక మూలకు పెట్టుకోండ్రి.

ఇంకోటి, కె301 షాఫ్టు అంగుళం పావులో సగం, అంటే 1⅛ అంగుళం. బయట దొరికే 420 సీసీ ఇంజన్ల షాఫ్టు ఎక్కువగా 1 అంగుళమే. పుల్లీ మార్చాలె, లేదంటె మంచి బుష్ ఎయ్యాలె. ఛార్జింగ్ కాయిల్ గూడ చూసి కొనండ్రి. చిన్న కాయిల్ అయితే హెడ్‌లైట్లు ఏసుకుంట నడిపితే బ్యాటరీ దిగిపోతది.

ప్లేటుకు వెల్డింగ్ జేస్తే మాత్రం, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తోని కడిగిన ఇనుము మీద అస్సలు జేయొద్దు. ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడ్తది. గ్యారేజీ తలుపు మూసి పని చేసుకునేటోళ్లు ఇది గుర్తువెట్టుకోవాలె.

లేత్‌షాపు (తెనాలి)

నమస్తే అండి. మాది ట్రాక్టర్ ఇంజన్ పనుల షాపు. గార్డెన్ ట్రాక్టర్లు మా దగ్గరికి రావు గానీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ పేరు మాకు కొత్త కాదు. మీరు చెప్పిన కబ్ కాడెట్‌ను 1961లో తెచ్చిన కంపెనీయే అది. ఆ కంపెనీతో 1963లో చేతులు కలిపి, దాని బి-275 ట్రాక్టర్‌నే మన దేశంలో మహీంద్రా వాళ్లు తయారుచేశారు. ఇప్పటికీ ఆ బండ్లు పొలాల్లో ఉన్నాయి. ఎలా ఉన్నాయంటే, బోరు అరిగితే లైనర్ (లోపల కొత్త ఇనుప గొట్టం) వేసి, క్రాంకు అరిగితే గ్రైండింగ్ చేసి, మళ్లీ మళ్లీ నిలబెట్టుకున్నారు కాబట్టి ఉన్నాయి.

నా మాట ఏంటంటే, కొలవకుండా ఏ మాటా అనకూడదు. హాఫ్ ఇంజన్‌తో (క్రాంకు జోలికి పోకుండా) పోతుందా, ఫుల్ ఇంజన్ (క్రాంకుతో సహా అంతా) చేయాలా అన్నది మైక్రోమీటర్ చెప్పాలి. క్రాంక్ పిన్నును, అంటే క్రాంకు మీద కనెక్టింగ్ రాడ్ పట్టే చోటును, ఒకచోట కొలిస్తే సరిపోదు. అడ్డంగా, నిలువుగా, రెండు చివర్లా కొలవండి. బోరు కూడా పైన, మధ్యన, కింద. ఫిల్టర్ లేకుండా నడిచిందన్నారు కాబట్టి పైభాగం ఎక్కువ అరిగి ఉంటుంది. దుమ్ము ముందు తినేది అక్కడే.

సూటిమాట గారు ఖర్చు అన్నారు. నిజమే. కానీ పోతపోసిన ఇనుప బ్లాకుకు మళ్లీ ప్రాణం పోయొచ్చు. అల్యూమినియం బ్లాకు కొత్త ఇంజన్ అరిగిన రోజున ఆయన ఏం చేస్తారు? ఇంకో కొత్తది కొంటారు. ఆ లెక్క కూడా వేసుకోండి.

సూటిమాట (డల్లాస్)

వేశానండి. ఇప్పుడు వచ్చే చాలా ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్లకు అల్యూమినియం బ్లాకులో ఇనుప స్లీవ్ (పిస్టన్ ఆడే గొట్టం) ఉంటుంది. మీ షాపు లాంటిది మా వీధి చివర ఉంటే నేనూ బోరే కొట్టించేవాణ్ని. తెనాలిలో సాయంత్రానికి అయ్యే పని ఇక్కడ పార్సిల్ కట్టి పంపి, వారాల తరబడి ఎదురుచూసే పని. ఆ తేడాను పక్కన పెట్టి బాగుచేసుకోవడమే గొప్ప అంటే ఒప్పుకోను. పని దొరికే చోట బాగుచేయడం తెలివి. దొరకని చోట బండి షెడ్డులో పార్టులుగా పడి ఉంటుంది. అలా విప్పి వదిలేసినవి అమ్మకానికి ఎన్ని వస్తుంటాయో మీరే చూడండి. ట్రాక్టర్‌ను కాపాడటమంటే దాన్ని నడపడం. ఇంజన్ నంబరు కాపాడటం కాదు.

కాస్టైరన్ (ఒహాయో)

చివరి మాట బాగుంది, దాన్ని గౌరవిస్తాను. కానీ విప్పి వదిలేయడానికి కారణం మెషిన్ షాపు దూరం ఒక్కటే కాదండి. ఒకేసారి రంగు, టైర్లు, వైరింగ్, ఇంజన్ అన్నీ మొదలుపెట్టడం. పెరటి_సేద్యం గారు రంగు జోలికి పోకుండా ఇంజన్ ఒక్కటే పట్టుకుంటే ఈ పని పూర్తవుతుంది. రంగు ఇప్పుడు గీకకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడి ఎమెరీ కొడితే ఆ దుమ్మంతా ఇంట్లో పిల్లల దాకా పోతుంది.

పెరటి_సేద్యం (నార్త్ కరోలినా)

మీరు చెప్పినట్టే చేశాను. బ్రీదర్ రీడ్ బాగానే ఉంది. లీక్‌డౌన్‌లో బ్రీదర్ నుంచి గట్టిగా గాలి, సైలెన్సర్ నుంచి కొంచెం. హెడ్డు విప్పితే బోరు పైన గోరు తగిలేంత గట్టు ఉంది. క్రాంక్ పిన్ను రెండు దిక్కులా కొలిస్తే ఒకటి కాలేదు, కోడిగుడ్డు అయింది. అంటే ఫుల్ ఇంజనే. లోపల బ్యాలెన్స్ గేర్లు కూడా కనిపిస్తున్నాయి. వాటి గురించి భయపెట్టే మాటలు చాలా విన్నాను.

కాస్టైరన్ (ఒహాయో)

పిన్నును 10 థౌ తగ్గించి గ్రైండ్ చేయించండి, 10 థౌ అండర్‌సైజు రాడ్ దొరుకుతుంది. పిస్టన్లు 10, 20, 30 థౌ ఓవర్‌సైజులో ఉంటాయి. పిస్టన్ చేతికి వచ్చాకే బోరు కొట్టించండి. షాపు వాళ్లు ఆ పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు కొట్టాలి. రాడ్ బిగించేటప్పుడు రాడ్ మీద, క్యాప్ మీద ఉన్న గుర్తులు ఒకే వైపు రావాలి. అల్యూమినియం రాడ్ కాబట్టి టార్క్ రెంచ్ లేకుండా బిగించవద్దు.

బ్యాలెన్స్ గేర్లు తీసేయండి. క్రాంకు తిరిగేటప్పుడు పుట్టే వణుకు తగ్గించడానికి పెట్టినవి అవి. వయసు మీద పడ్డాక వాటి బేరింగులు, చిన్న షాఫ్టులు అరుగుతాయి. గేరు ఊడి క్రాంకుకు తగిలితే బ్లాకు పగులుతుంది. అవి లేకపోతే వణుకు కాస్త పెరుగుతుంది, అంతే.

లేత్‌షాపు (తెనాలి)

ఇక్కడ నేను ఒప్పుకోనండి. తయారుచేసినవాడు ఊరికే పెట్టడు. బేరింగులు కొత్తవి వేసి, షాఫ్టులు కొలిచి, గుర్తులు కలిపి బిగిస్తే పనిచేస్తాయి. అరిగిన పార్టును మార్చడం మా పని. దాన్ని పీకి పారేయడం రిపేరు కాదు.

కాస్టైరన్ (ఒహాయో)

సూత్రంగా మీరు చెప్పింది సరైనదే. కానీ ఆ బేరింగు అరుగుతున్నప్పుడు బయటికి ఏ గుర్తూ కనిపించదు. తెలిసేది బ్లాకు పోయాకే. ఇప్పుడు మంచి బ్లాకులే తగ్గిపోతున్నాయి. వణుకు వల్ల బోల్టు వదులైతే బిగించుకోవచ్చు, పగిలిన బ్లాకును ఏం చేస్తాం? అందుకే నేను తీసేయమంటాను.

కరీంనగర్_బిడ్డ (న్యూజెర్సీ)

ఈ ముచ్చట్ల నేను కాస్టైరన్ అన్న దిక్కు. ఇంజన్ తయారైనంక టైమింగ్ మర్చిపోకుండ్రి. ప్లగ్గుల నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు బయటనే చిన్న మూత కింద ఉంటయి, గ్యాపు 20 థౌ. అంతటితోని ఆగొద్దు. కిటికీ రంధ్రంల నుంచి ఫ్లైవీల్ మీద ఎస్ గుర్తు చూసుకుంట, సరిగ్గ ఆ గుర్తు దగ్గర పాయింట్లు తెరుసుకునేటట్టు మీటర్ వెట్టి సెట్ చేయుండ్రి. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే అదే పోయుండ్రి. ఇథనాల్ కలిసినది చలికాలమంత ట్యాంకుల ఉంటే కార్బురేటర్ జిగురువడ్తది.

పెరటి_సేద్యం (నార్త్ కరోలినా)

బోరే కొట్టిస్తున్నాను. బ్యాలెన్స్ గేర్లు తీసేస్తాను. తెనాలి అన్నగారు నొచ్చుకోవద్దు, ఈ బ్లాకు పోతే ఇంకొకటి వెతికే ఓపిక నాకు లేదు. ఈ అదనుకు దున్నడం పక్కింటాయన టిల్లర్‌తో కానిచ్చేస్తాను.

సూటిమాట (డల్లాస్)

నేనైతే ఇప్పటికీ కొత్తదే పెట్టేవాణ్ని. మీరు నిర్ణయించుకున్నారు కాబట్టి ఒక హద్దు పెట్టుకోండి. 30 థౌకి కూడా బోరు శుభ్రపడలేదని షాపు వాళ్లు చెబితే అప్పుడైనా కరీంనగర్ తమ్ముడి ప్లేటు సంగతి ఆలోచించండి.

లేత్‌షాపు (తెనాలి)

30 దాటితే స్లీవ్ వేసి మళ్లీ స్టాండర్డ్ సైజుకే తెచ్చుకోవచ్చండి. ఆ షాపులో స్లీవ్ వేస్తారో లేదో బ్లాకు పంపేముందే ఫోన్ చేసి కనుక్కోండి.