ఎన్జీవో పని వదిలి యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్లినవాళ్లు ఉన్నారా?

అనంత పల్లెబాట:
ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయినప్పటి నుంచి కళ్యాణదుర్గం వైపు పల్లెల్లోనే పని. మహిళా సంఘాలు, బెంగళూరు వలసపోయే కుటుంబాల పిల్లల చదువు. ఇప్పుడు వయసు 38. వలసల మీద పీహెచ్‌డీ చేసి పాఠాలు చెప్పాలని ఉంది. ఇంట్లో జీతం నాదొక్కటే. టెన్షన్‌గా ఉంది.

కడప మాస్టారు:
తమ్ముడూ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం నెట్ అనే జాతీయ స్థాయి పరీక్ష రాయడానికి వయోపరిమితి లేదు. పీహెచ్‌డీ చేసేటప్పుడు నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్‌కే 30 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు, మహిళలకు ఇంకో ఐదేళ్లు. అంటే ఆ ఫెలోషిప్ డబ్బు మీద ఆశ వదులుకో. పీజీలో 55 శాతం ఉందా? రిజర్వేషన్ ఉంటే 50 చాలు. 2023 జులై నుంచి నెట్ గానీ, రాష్ట్ర స్థాయిలో పెట్టే సెట్ గానీ ఉంటే పీహెచ్‌డీ తప్పనిసరి కాదన్నారు. ఇంటర్వ్యూలో మాత్రం పీహెచ్‌డీ ఉన్నవాళ్ల పక్కన కూర్చోవాలి మరి! ఫీల్డ్‌వాళ్లకు దెబ్బ కొట్టేది నెట్‌లో పేపర్ వన్. 50 ప్రశ్నలు, 100 మార్కులు, రీజనింగ్, డేటా లెక్కలు. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ వదలొద్దు.

తుంగభద్ర స్కాలర్:
అన్నా, ఉద్యోగం మానొద్దు. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. పనిచేసే చోటి నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. నాకు అక్కడే నలిగింది, మా సంస్థ పేరెందుకులే. సంతకం పెడితే మనిషి చెయ్యి జారిపోతాడని వాళ్ల భయం. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లలోపు. ఇంకో మాట. నువ్వు రాసిన రిజిస్టర్లు, కేసు ఫైళ్లు నీ డేటా కావు. సంస్థ అనుమతి లేకుండా, ఆ కుటుంబాలను మళ్లీ అడగకుండా థీసిస్‌లో వాడకూడదు. సంస్థ మనిషిగా నిన్ను నమ్మి చెప్పిన మాట వేరు, రీసెర్చర్‌కు చెప్పేది వేరు.

గెస్ట్ ఫ్యాకల్టీ అక్క:
గెస్ట్‌గా చేరి చూద్దాం అనుకుంటే ముందే చెప్తున్నా, మా దగ్గర వేసవిలో జీతం లేదు, మిగతా నెలల్లో వచ్చినప్పుడే వచ్చినట్టు. క్లాసు మాత్రం బాగుంటుంది. మనకు ఊరి కథలు చాలా ఉంటాయి, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, సిలబస్ అక్కడే ఉంటుంది! ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైందని మా క్లాసులో చాలామందికి తెలియదు. అక్కడికి తీసుకెళ్లి, కూలీలతో మాట్లాడించి, మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చదివించి, ఆ తర్వాత సోషల్ యాక్షన్ (జనం కలిసి మార్పు కోసం కదలడం) పాఠం చెప్పా. పరీక్షలో దాని మీద బాగా రాశారు.

అనంత పల్లెబాట:
మెమో చూశా, 57 శాతం. ఎన్ఓసీ మాట మా డైరెక్టర్ గారితో ఈ వారమే ఎత్తుతా. పేపర్ వన్ పాత పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? కొరియర్ ఖర్చు నాదే.

కడప మాస్టారు:
నా దగ్గర ఉన్నాయి. మెసేజ్‌లో అడ్రస్ పెట్టు. పెన్సిల్ గీతలుంటాయి, సర్దుకో.