బండి ముందు షాకప్ (చక్రాన్ని పట్టుకుని కుదుపులు తట్టుకునే భాగం) మనమే విప్పుకోవచ్చా, మిస్త్రికే వదిలేయాలా?

రాయగడ350:
నాది 2010 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ ట్విన్‌స్పార్క్ బైకు. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కుడి షాకప్ ఆయిల్ కారుతోందని ఆరు నెలల్లో రెండుసార్లు సీలు (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) మార్పించాను. రెండోసారి మార్చాక కోరాపుట్ వెళ్లొచ్చానో లేదో, షాకప్ గొట్టం మీద మళ్లీ నూనె చార కనిపించింది. అడిగితే మిస్త్రి "పాత బండి కదా సార్, అంతే" అంటున్నాడు. సర్వీస్ మాన్యువల్ ఉంది, పానాలు ఉన్నాయి. నేనే విప్పుదామని ఉంది. ఇంట్లో మాత్రం ముందు చక్రం జోలికి పోవద్దంటున్నారు. మీరేమంటారు?

జయపురం_ఘాట్:
మీ ఇంట్లో వాళ్లది సరైన మాట. కార్బరేటర్ తప్పుగా బిగిస్తే బండి స్టార్ట్ అవదు, అంతే. ముందు భాగంలో తప్పు చేస్తే బండి హాయిగా స్టార్ట్ అయి వెళ్తుంది, అసలు ప్రమాదం అదే. నా అనుభవం చెప్తాను. బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చాను. కొత్తవి పట్టడానికి, ప్యాడ్లని నెట్టే పిస్టన్లు వెనక్కి నొక్కాను కదా, తర్వాత బ్రేక్ లివర్ నాలుగుసార్లు పంప్ చేసి ప్యాడ్లని చక్రానికున్న బ్రేక్ డిస్కు దగ్గరకి తేవాలి. అది మర్చిపోయాను. పెరట్లో వాలు దిగుతూ బ్రేక్ పట్టుకుంటే లివర్ హ్యాండిల్‌కి ఆనిపోయింది. తిన్నగా పోయి తులసి కోటని గుద్దాను. మా అమ్మ ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ ఆ పగులు చూపిస్తుంది. అది పెరడు కాబట్టి సరిపోయింది, సుంకి ఘాట్ రోడ్డు అయ్యుంటే?

పర్లాకిమిడి_పాతబండి:
తమ్ముడూ, తులసి కోటకి నా సానుభూతి. కానీ ఆ పంప్ చేయడం హడావిడిలో ఉన్న మిస్త్రి కూడా మర్చిపోగలడు. ఎవరు చేసినా, బండి కదలకముందే లివర్ నొక్కి చూసుకోవాల్సింది మనమే.

రాయగడ బాబుకి నా జవాబు: రెండు కొత్త సీళ్లు పోయాయంటే తప్పు సీళ్లది కాకపోవచ్చు. మొదట గొట్టం శుభ్రంగా తుడిచి, సీలు పైన గోరుతో నెమ్మదిగా గీకి చూడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టు. షాకప్ కిందికి దిగిన ప్రతిసారీ ఆ గుంట అంచు సీలు పెదవిని కోస్తుంది. అలాంటప్పుడు పది సీళ్లు వేసినా పదకొండోది కారుతుంది. గుంట లేకపోతే ఇసుక ఇరుక్కుని ఉండొచ్చు. పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ని సన్నగా కత్తిరించి, చివర చిన్న కొక్కెంలా చేసి, దుమ్ము ఆపే పై సీలు పైకి లేపి, లోపలి సీలుకీ గొట్టానికీ మధ్య దూర్చి చుట్టూ తిప్పు. నల్లటి జిడ్డు బయటికొస్తుంది. ఒక్కోసారి దాంతోనే కారడం ఆగిపోతుంది, పైసా ఖర్చు లేదు.

నూనె డిస్కు ఉన్న వైపు కారుతుంటే మాత్రం ఈ చర్చంతా పక్కన పెట్టి బండి ఆపెయ్. నూనె పీల్చిన ప్యాడ్లు కడిగి వాడేవి కావు, కొత్తవి వేయాల్సిందే.

ఇంకో మాట. ఫోర్క్ ఆయిల్‌ని, అంటే షాకప్‌లో పోసే నూనెని, అందాజుగా పోస్తే రెండు వైపులా సమానంగా ఉండదు. నేను మందుల షాపులో కొన్న పెద్ద సిరంజితో మాన్యువల్ చెప్పినంత కొలిచి పోస్తాను. ఆ ఓపిక రోజుకి పదిహేను బళ్లు చూసే మనిషికి ఎందుకుంటుంది? అతన్ని తప్పు పట్టడం లేదు.

బరంపురం_టూరర్:
సీళ్లు, ప్యాడ్లు సరే. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) మాత్రం ఇంట్లో వద్దు. పాత రేసులు (గుండ్లు దొర్లే ఉక్కు రింగులు) కొట్టి తీసి, కొత్తవి వంకర లేకుండా దింపడానికి పనిముట్టూ కావాలి, చేతి అలవాటూ కావాలి. కానీ పరీక్ష మనమే చేసుకోవచ్చు. ముందు చక్రం గాల్లోకి లేపి, షాకప్‌ల అడుగు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్‌మంటే వదులు. హ్యాండిల్ తిప్పుతుంటే తిన్నగా వచ్చిన చోట గుంటలో పడ్డట్టు ఆగితే రేసు దెబ్బతింది. ఇది తెలిసి వెళ్తే మిస్త్రి కూడా జాగ్రత్తగా చేస్తాడు.

జయపురం_ఘాట్:
గోరు పరీక్ష నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఇరుసు బోల్టులు చేతి అంచనాతో బిగించేవాళ్లని చూశాను. టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగువు బిగించామో కొలిచే పానా) లేనివాళ్లు చక్రం విప్పకూడదు, నా మాట మారదు. బ్రేక్ ఆయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మన బళ్లలో పోసే డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే బ్రేక్ పట్టదు. పొట్టంగి నుంచి సాలూరు వైపు బ్రేక్ పట్టుకునే దిగేవాళ్లు రెండేళ్లకోసారైనా మార్పించుకోండి.

పర్లాకిమిడి_పాతబండి:
టార్క్ రెంచ్ విషయంలో నీతో ఏకీభవిస్తున్నా. మరి మీ మిస్త్రి దగ్గర ఉందా? అడిగి చూడు.

రాయగడ350:
ఫిల్మ్ పెట్టి తిప్పాను, నల్ల జిడ్డు బాగానే వచ్చింది. కానీ సీలుకి రెండు వేళ్లు పైన గోరు తట్టుకుంది. బియ్యపు గింజలో సగం ఉంటుంది గుంట. అంటే గొట్టమే మార్చాలి. కారుతున్నది డిస్కు లేని వైపు, అదొక్కటే ఊరట. రెంచ్ మా బావమరిది దగ్గర దొరికింది. గొట్టం నేనే మారుస్తాను, కోన్ సెట్ మిస్త్రికి. తులసి కోట మా పెరట్లోనూ ఉంది, అందుకని బండి వీధిలో పెట్టి విప్పుతున్నా.