కొన్న గేమ్‌కి తర్వాత యాంటీ-చీట్ తగిలిస్తే డబ్బు వెనక్కివ్వాలా?

గోదారి_గేమర్:
2024 సెప్టెంబరు 17న రాక్‌స్టార్ గేమ్ కంపెనీ వాళ్లు జీటీఏ ఆన్‌లైన్ పీసీ వెర్షన్‌కి బ్యాటిల్‌ఐ అనే యాంటీ-చీట్ (మోసం చేసి ఆడేవాళ్లని పట్టే సాఫ్ట్‌వేర్) పెట్టారు. ఆ రోజు నుంచి స్టీమ్ డెక్‌లో (వాల్వ్ కంపెనీ వాళ్ల చేతిలో పట్టే గేమింగ్ పీసీ, లోపల లినక్స్ ఉంటుంది), మిగతా లినక్స్ సిస్టమ్స్‌లో ఆన్‌లైన్ బంద్. ఒంటరిగా ఆడే స్టోరీ మోడ్ ఒక్కటే మిగిలింది. గేమ్ పీసీకి వచ్చింది 2015లో. వాల్వ్ వాళ్ల గేమ్ షాపు స్టీమ్‌లో రీఫండ్ కావాలంటే మామూలుగా కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడింది రెండు గంటలు దాటకూడదు. తొమ్మిదేళ్లకి వచ్చిన అప్‌డేట్‌కి ఈ లెక్కేంటి?

కెర్నల్_మూర్తి:
స్టోర్ పేజీలో విండోస్ అని రాసి అమ్మారు తమ్ముడూ. డెక్‌లో నడిచిందంటే అది ప్రోటాన్ (విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపించే వాల్వ్ సాఫ్ట్‌వేర్) పుణ్యం. ఇస్తామని చెప్పనిది ఇవ్వలేదని డబ్బు అడిగితే ఎలా?

గోదారి_గేమర్:
బ్యాటిల్‌ఐ ప్రోటాన్‌లో పనిచేస్తుందన్నా. గేమ్ కంపెనీ ఒక్క మాట చెబితే చాలు, ఆన్ చేస్తారని వాల్వ్ 2021లోనే ప్రకటించింది. తాళంచెవి జేబులో పెట్టుకుని తలుపు తెరుచుకోవట్లేదంటున్నారు.

కెర్నల్_మూర్తి:
ప్రోటాన్‌లో బ్యాటిల్‌ఐ కెర్నల్ డ్రైవర్ (సిస్టమ్ లోలోపలికి వెళ్లి కాపలా కాసే భాగం) నడవదు. లోపల దాక్కున్న చీట్లు పైనుంచి కనపడవు. ఏపెక్స్ లెజెండ్స్ గేమ్‌కి ఈఏ కంపెనీ వాళ్లు లినక్స్ దారి మూసింది కూడా చీటర్లు అటునుంచి వస్తున్నారనే. కాకపోతే అది ఫ్రీ గేమ్, రీఫండ్ గొడవ లేదు.

నెట్‌సెంటర్_బాబాయ్:
మాది విజయవాడలో గేమింగ్ సెంటర్, 12 సిస్టమ్స్. ఎయిమ్‌బాట్ (గురి దానంతటదే కుదిర్చే చీట్) గాడు ఒక్కడు తగిలితే పిల్లలు గంట పూర్తి కాకుండానే లేచిపోతారు. అందుకని నా ఓటు యాంటీ-చీట్‌కే. కానీ పోయినేడాది మేం కొన్న ఒక షూటింగ్ గేమ్‌కి అప్‌డేట్ వచ్చి (పేరెందుకులెండి) సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ లేచేలా చూసే సెట్టింగ్) ఉంటేనే ఆడనిస్తానంది. అన్నీ ఒరిజినల్ విండోస్ సిస్టమ్సే. నాలుగు పాతవాటిలో డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది, దానికి సెక్యూర్ బూట్ కుదరదు. జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చి, బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ అవ్వనిచ్చే సెట్టింగ్) ఆఫ్ చేశా. మూడు లేచాయి. నాలుగోదాంట్లో గ్రాఫిక్స్ కార్డు పాతది, సీఎస్ఎం లేకపోతే పనిచేయదు, స్క్రీన్ మీద చుక్క వెలుగు లేదు. చివరికి మదర్‌బోర్డు మీద సెల్లు పీకి రీసెట్ చేశా. రాత్రి ఒంటిగంట అయింది. మూర్తిగారూ, ఇందులో లినక్స్ ఎక్కడుందండీ?

కెర్నల్_మూర్తి:
మీ కేసు వేరు బాబాయ్, ఒప్పుకుంటున్నా. కొన్న రోజు పేజీలో రాసిన కనీస అవసరాలు సరిపోయిన సిస్టమ్‌ని తర్వాత గెంటేస్తే డబ్బు వెనక్కివ్వాల్సిందే, ఎన్ని గంటలు ఆడినా సరే. డెక్ వాళ్ల మాట మాత్రం నేను ఒప్పుకోను.

గోదారి_గేమర్:
2020లో రాకెట్ లీగ్ గేమ్ వాళ్లు లినక్స్, మ్యాక్ ఆపేసినప్పుడు రీఫండ్ ఇచ్చారు కదా?

కెర్నల్_మూర్తి:
అది లినక్స్‌కి అని పేరు పెట్టి అమ్మిన గేమ్. నా మాటకే బలం.

గోదారి_గేమర్:
సరే, రీఫండ్ వదిలేద్దాం. చీట్ భయం ఉన్నది తెలియనివాళ్లతో ఆడేటప్పుడు. మేం నలుగురం ఫ్రెండ్స్ మాలో మేం ఆడుకునే సెషన్‌కి కూడా ఆ కాపలా ఎందుకు? దాన్ని యాంటీ-చీట్ లేకుండా విడిగా వదిలితే ఎవడి సొమ్ము పోయింది?

కెర్నల్_మూర్తి:
జీటీఏలో ఏ సెషన్‌లో ఆడినా ఎవరి బ్యాంకు ఖాతా వాళ్లకి అదే ఒక్కటి. నలుగురి సెషన్‌లో దొంగ డబ్బు ముద్రించుకుని బయటికొస్తే? ఆ ఖాతా వేరు చేస్తానంటే నేనూ నీ పక్షమే.

నెట్‌సెంటర్_బాబాయ్:
నా నాలుగో సిస్టమ్‌లో ప్రస్తుతం పాత క్రికెట్ గేమ్ ఒక్కటే నడుస్తోంది. తక్కువలో సెకండ్ హ్యాండ్ కార్డు ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.